టీవీ ముందు మరియమ్మ పీట

మా మేనత్త పోయిందన్న కబురు ఎదురింటి వాళ్ళబ్బాయి ఫోన్లో చెప్పాడు. గిద్దలూరులో నేను తెలుగు చెప్పే బడిలో అప్పుడే ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతులకు పోతున్నారు. "అక్కా, మీ అత్త ఇంక లేదు. పొద్దున పాలు తీసకపోయి పిలిస్తే పలకల్యా. తలుపు నెట్టి చూస్తే జపమాల చేతిలో పట్టుకోని అట్లనే పండుకోనుంది" అని చెప్పి ఏడ్చాడు. నాకు ఏడుపు మార్కాపురం దాటాక వచ్చింది, బస్సులో. పక్కన కూర్చున్న నా కూతురు తన చున్నీ ఇచ్చింది.

జపమాల చేతిలో ఉండగా ప్రాణం పోవడం మా కథోలిక వాళ్ళలో పెద్ద భాగ్యం. ఊళ్ళో అందరూ అదే మాట చెప్పుకున్నారు. నేనూ గొప్పగానే చెప్పుకున్నాను, ఆ మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత విన్న సంగతి వల్ల ఈ నాలుగు మాటలు కోపంతో రాయాల్సి వస్తోంది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నా వల్ల కావడం లేదు, చదివేవాళ్ళు మన్నించాలి.

పెద్దారవీడుకు దగ్గరలో మా ఊరు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, లారీ మీద తిరిగే మా నాయన నన్ను తెచ్చి అక్క దగ్గర వదిలిపెట్టాడు. అప్పటికే అత్తకు భర్త లేడు, పిల్లలు అసలే లేరు. మార్కాపురంలో పలకలకు చెక్క ఫ్రేములు బిగించే చోట పనిచేసేది. ఆదివారాలు గుడిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. నా జ్ఞానస్నానానికి జ్ఞానతల్లి కూడా తనే. అంటే నా ఆత్మకు ఆమె పూచీ అన్నమాట. ఆ పూచీని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో నా చెవులకు బాగా తెలుసు, ఎన్నిసార్లు మెలిపెట్టిందో లెక్క లేదు.

ఇద్దరు ఆడవాళ్ళకు పొద్దుపోవడం ఎట్లా అని నాయన ఒకసారి టీవీ తెచ్చి పెట్టాడు. వీధిలో పిల్లలంతా వచ్చి చేరారు. అత్త లోపలికి పోయి ఒక పీట తెచ్చింది. మామ బతికున్నప్పుడు పలకలు సర్దే పెట్టె పగలగొట్టి, ఆ చెక్కలతో చేసిన పీట అది. తిరగేస్తే పెట్టె మీద వేసిన నల్లరంగు అక్షరాలు సగం సగం ఇంకా కనిపించేవి. దాన్ని కొంగుతో తుడిచి, టీవీకి ఎదురుగా మా చాప కంటే ముందు వేసింది. నేను పోయి కూర్చోబోతే రెక్క పట్టుకుని లేపింది.

"ఇది మరియమ్మ తల్లికి. ఆయమ్మ కూర్చోని చూడగలిగిందే మనమూ చూస్తాం. ఆయమ్మ లేచిపోతే మనమూ లేచిపోవాల్సిందే" అంది.

అదీ మా ఇంటి చట్టం. టీవీ పెట్టినప్పుడల్లా ముందు పీట పడాలి. తర్వాతే స్విచ్చి. పీట మీద పుస్తకాల సంచి పెట్టినా, తడి తువ్వాలు వేసినా వీపు మోగేది. వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత గుడికి వచ్చే రెండు మూడు ఇళ్ళలో వాళ్ళూ పీట వేయడం మొదలుపెట్టారు. ఒకామె పీట లేక తిరగేసిన బక్కెట్టు వేసేది. మరియమ్మకు బక్కెట్టేందని అత్త వాళ్ళింటి మీదికి గొడవకు పోయింది.

అయితే ఆ చట్టం మీరనుకునేంత ఇరుకైంది కాదు. ఇది కూడా చెప్పకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను. పురాణాల సీరియల్ వస్తే అత్త హాయిగా చూసేది. గుడి ఉపదేశిగారు వచ్చి, పరాయి దేవుళ్ళ కథలు మనకెందుకమ్మా అన్నాడు. "పరాయి దేవుళ్ళంటే ఆయమ్మకేం కోపం లేదన్నా. ఆడోళ్ళను సభలో నిలబెట్టి ఏడిపిస్తేనే కోపం. ఆ పొద్దు వచ్చినప్పుడు నేనే కట్టేస్తాలే" అంది. అన్నట్టే ఆ రోజు వచ్చినప్పుడు కట్టేసింది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో మాత్రం నలభై రోజులూ టీవీ మీద దుప్పటి కప్పేది.

హాస్యం కార్యక్రమమంటే ఆమెకు ప్రాణం. ఒకసారి ఒక మగవాడు చీర కట్టి, కడుపు దగ్గర దిండు పెట్టుకుని లావుపాటి పెళ్ళాం వేషం వేశాడు. మొగుడి వేషం వేసినవాడు ఆమెను పట్టుకుని ఏవేవో అంటున్నాడు. అత్త కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే పీట వైపు చూసింది, లేచి కట్టేసింది. "అదేంది, నువ్వు గూడా నవ్వినావు గదా" అన్నాను. "నవ్వినాలే. నవ్వితే తప్పు లేదు, ఎవురిని చూసి నవ్వినామనేదే లెక్క. రేపు గుడికాడ లావుగా ఉండే ఆమెను చూస్తే నాకు ఇదే గుర్తొస్తాది" అంది. ఈ మాట నేను ఇప్పటికీ మా బడిలో పిల్లలకు చెప్తాను, ఎవరన్నారో చెప్పకుండా.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సాయంత్రం ఏడున్నరకు ఒక సీరియల్ మొదలైంది. ఒక మగవాడు, రెండిళ్ళు. మొదటి పెళ్ళాం ఏడుస్తూనే ఉంటుంది. మా తరగతిలో ఆడపిల్లలకు మధ్యాహ్నం అన్నాలకాడ వేరే మాట లేదు. నిన్న ఆమె తాళి తీసి వాడి ముందు పెట్టిందంట, వాడు మొహం తిప్పుకున్నాడంట. నేను డబ్బా తెరుచుకుని మూగదానిలా కూర్చునేదాన్ని. ఇంటికొచ్చి బతిమాలాను, అలిగాను, ఒకరోజు అన్నం మానేశాను. అత్త మెత్తబడలేదు. "ఒక ఆడది కండ్లనీళ్ళు పెట్టుకుంటా ఉంటే మనం అన్నం కలుపుకుంటా చూడటమేంది పాపా? ఆయమ్మ ఆ పీట మీద ఒక్క గడియ కూర్చోదు" అంది. ఆ మాట నిజమేననిపించింది. ఆ రాత్రి ఆత్మశోధన చేసుకుని, ఆ సీరియల్ మీద ఆశపడినందుకు మనస్తాప జపం చెప్పుకున్నాను. నా మనస్సాక్షికి పునాదిరాయి పడింది ఆ రోజేనని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

అదే వేళకు అత్త చెంబు పట్టుకుని ఎదురింటికి పాలకు పోయేది. గొర్రెలు, మేకలు, రెండు బర్రెలు ఉన్న ఇల్లు అది. ఆ ఇంటామెను నేను పెద్దమ్మా అనేదాన్ని, అత్త వదినా అనేది. "జపమాల అయిపోయింది గదా, కూర్చోని చదువుకో. పాలకు పోయొస్తా" అనేది. చెంబెడు పాలకు అంతసేపు ఎందుకో నాకు తట్టలేదు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. "వాళ్ళది కట్టెల పొయ్యి, ఒకటే పొగ" అనేది. నిజమే, వాళ్ళది కట్టెల పొయ్యే. నేను నమ్మాను.

పెళ్ళయి గిద్దలూరు వచ్చాక మా ఇంట్లోనూ టీవీ ముందు పీట పడింది. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. నా కూతురు ఊరుకోలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నువ్వు వద్దన్నవన్నీ నా ఫోన్లో వస్తాయి, పీటను ఫోన్ ముందు కూడా వేస్తావా అంటుంది. అయినా టీవీ దగ్గర మాత్రం మాట వింటుంది. "అవ్వ చెప్పింది కాబట్టి వింటున్నా. నీ కోసం కాదు" అని మొహం మీదే అంటుంది. అవ్వంటే మా అత్తే. ఎవరి కోసమైతేనేం, వింటోంది గదా అని నేను తృప్తి పడేదాన్ని. ఒకసారి ఏదో సీరియల్ గురించి ఇద్దరం గొడవపడి, తీర్పు చెప్పమని అత్తకు ఫోన్ చేశాం. "మీ ఇంట్లో పీట మీరే వేసుకోవాల పాపా. నన్ను అడగొద్దు" అని పెట్టేసింది. ఎంత అణకువో చూశావా అని నేను కూతురికి చెప్పాను.

ఇంకొకటి. ఫాదర్‌గారు మార్కాపురం నుంచి పాపసంకీర్తనం వినడానికి వచ్చినప్పుడల్లా వరసలో మొదట నిలబడేది అత్తే. నీకేం పాపాలుంటాయి అత్తా అని ఎగతాళి చేసేదాన్ని. "ఒకటుంది. ఎప్పుడు పోయినా అదే చెప్తా. ఫాదర్‌కు గూడా విసుగొచ్చింటాది" అని నవ్వేది. నోటి దురుసు కాబోలు అనుకునేదాన్ని.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం దగ్గరికి వద్దాం. అత్తను ముందుగదిలో పడుకోబెట్టారు. గుడి ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. ఎదురింటి పెద్దమ్మ ఊరిబయట గొర్రెల దొడ్డిలో ఉండి ఆలస్యంగా వచ్చింది. వచ్చీ రాగానే కాళ్ళ దగ్గర కూలబడి, మా పక్క ఆడవాళ్ళు శవం ముందు ఏడ్చే తీరులో, కలిసి బతికిన బతుకంతా చెప్పుకుంటూ రాగం తీసింది.

"ఓ వదినా... పీటేసి నన్ను కూసోబెడితివే వదినా... నువ్వు కటిక నేల మీద కూసుంటివే వదినా... రెండిండ్లోని కత చూపిచ్చి, నా కత మరిపిస్తివే వదినా... ఏడున్నరైతే చెంబట్టుకోని ఇంకెవురొస్తారే వదినా..."

గుడి ఆడవాళ్ళ పాట మెల్లగా తగ్గి ఆగిపోయింది. మా వెనక ఎవరో ఇంకెవరినో, ఏ కథ అని గుసగుసగా అడిగారు. ఏడున్నరది, ఇద్దరు పెళ్ళాలది అని జవాబు కూడా వినిపించింది. నా కూతురు తల తిప్పి నా వైపు చూసింది. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్న సామెత సగం దాకా నా నోటికొచ్చింది. శవం ముందు ఉన్నానని మింగేశాను. ఇన్నేళ్ళూ నా చెవిలో పువ్వు పెట్టింది మా అత్త. ఆమె ముఖంలో ఏమీ లేదు, ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

సమాధి దగ్గర నుంచి వచ్చాక, స్నానాలైనాక, కూతురు అడగనే అడిగింది. "అవ్వ చూసేదంట గదమ్మా. మరి మనమెందుకు మానుకున్నాం?" నాకు తెలియదన్నాను. "నీకు తెలియకుండానే నాకు చెప్పినావా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచేదాన్ని, అక్కడితో అయిపోయేది. అత్త నాకిచ్చిన ఆస్తి ఇదొక్కటే. దాన్ని నేను నా కూతురికి ఇచ్చాను. అది నకిలీదేమో అని ఆ పిల్ల అడుగుతోంది, నేను నేల చూపులు చూస్తున్నాను.

ఆగలేక ఎదురింటికి పోయాను. పెద్దమ్మ బర్రెలకు కుడితి కలుపుతోంది. ఏ సీరియల్ సంగతి నువ్వు ఏడ్చేటప్పుడు చెప్పింది అని నేరుగా అడిగాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నీకు తెలీదా పాపా? మా ఇంటాయన గొర్లు తోలుకోని అడివి పట్టున పోయి, దోర్నాలకాడ హోటలామెను పెట్టుకున్యాడు గదా అప్పట్లో. ఊరంతా నవ్వుతుండె. సరిగ్గా ఆ యాళకే అట్లాంటి కతే టీవీలో వచ్చినాది. అది వస్తే కట్టేసేదాన్ని. కట్టేసి చీకట్లో ఏడ్చుకునేదాన్ని. మీ అత్త ఒకనాడు పాలకొచ్చి చూసింది. తనే టీవీ పెట్టింది. 'కట్టేస్తే నీ కత ఆగుతాదా వదినా? ఆ పిల్ల ఏం చేస్తాదో చూద్దాం పట్టు' అనింది. మర్నాడు పీట తెచ్చింది."

"ఏ పీట? మా పీట మా ఇంట్లోనే ఉండేది గదా" అన్నాను.

"మీ మామ ఒకే పెట్టెతో రెండు చేసినాడంట. రెండోది ఇది. 'మా ఇంట్లోది మరియమ్మకు, ఇది నీకు. కూర్చో' అనింది. నేను ఎక్కనంటే వినల్యా. 'ఆయమ్మ గూడా ఒక పొద్దు ఇట్లనే ఏడ్చింటాది, ఏం కాదు' అనింది. అది అయిపోయినాక ఇంకో సీరియలు, అది అయిపోతే ఇంకోటి. మొన్నటిదాకా ఒక్కరోజు తప్పల్యా."

నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగింది. "మరి నన్నెందుకు తీసుకురాలేదు పెద్దమ్మా? ఎదురిల్లే గదా" అన్నాను. అడుగుతుంటే నా గొంతు తొమ్మిదో తరగతి పిల్ల గొంతులా ఉందని నాకే తెలిసింది.

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. అబద్ధం చెప్పడం రాని మనిషి. "నేనూ అన్యా పాపా, ఆ పిల్లను గూడా పిల్చుకరా వదినా, ఒక్కతే ఉంటాదని. 'దానికి ఇప్పుడే ఎందుకులే. దానికి ఖాళీ పీట చాలు' అనింది."

ఈ మాట నన్ను పొడిచినంతగా ఇంకేదీ పొడవలేదు. ఆమె సీరియల్ చూసిందని కాదు నా బాధ. చూసుకోనీ, చచ్చిపోయిన మనిషి. నాకేమో సగం నేర్పింది. ఏది చూడకూడదో నేర్పింది గానీ, ఎవరి పక్కన కూర్చుంటే అదే చూడొచ్చో నేర్పలేదు. ఇప్పుడే ఎందుకులే అందట. మరి ఎప్పుడు? నాకు పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో పాలు తాగాను. పాలు తాగి వస్తుంటే ఒక్క మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదా? ఫాదర్‌గారి చెవిలో మాత్రం ఎప్పటికప్పుడు చెప్పింది కాబోలు.

అది కాబోలు దగ్గరే ఆగిపోయింది. మూడోరోజు సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఫాదర్‌గారిని పక్కకు పిలిచి అడిగాను, మా అత్త ఎప్పుడూ చెప్పుకునే పాపం ఇదేనా అని. ఆయన నా కంటే చిన్నవాడు. కంగారుపడ్డాడు. "అది అడగకూడదమ్మా. నాకు తెలిసినా చెప్పలేను, తెలియకపోయినా తెలియదని చెప్పలేను" అన్నాడు. అడిగినందుకు నేను చెప్పుకోవాల్సిన పాపం ఒకటి పెరిగింది, అంతే. టీవీ చూడటాన్ని పాపమనుకుని చెప్పుకునేదో, నాకు దాచిపెట్టడాన్ని పాపమనుకుని చెప్పుకునేదో ఇక ఎప్పటికీ తెలియదు. రెండోదైతే బాగుండునని ఉంది.

ఆ సాయంత్రమే గిద్దలూరు బయల్దేరాలనుకున్నాం. ఇంటికి తాళం వేసే ముందు మా పీట సంచిలో పెట్టుకున్నాను. రెండోదాన్ని కూడా తీసుకుపోదామని ఎదురింటికి పోయాను. ఎందుకు తీసుకుపోదామనుకున్నానో అడిగితే చెప్పలేను. మా మామ చేసిన వస్తువని పైకి అన్నాను. దొంగ దొరికాక దొంగసొత్తు వదిలిపెట్టడమేమిటన్నది లోపలి మాట. నా కూతురు నా వెనకే వచ్చింది.

ఏడున్నర దాటుతోంది. పెద్దమ్మ టీవీ పెట్టుకుని ఉంది. పాత సీరియల్ ఎప్పుడో అయిపోయింది, ఇది వేరే. ఇందులోనూ ఒక మగవాడే, రెండిళ్ళే. పీట టీవీ ముందు ఖాళీగా ఉంది. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"పీట ఎక్కలేదేం పెద్దమ్మా?"

"కింద మీ అత్త ల్యాకుండా నేనేం ఎక్కుదును పాపా" అంది. తర్వాత నా చేతిలో సంచి చూసి, "కొంచవోతావా? కొంచవో తల్లీ. మీదే గదా" అని పీటను నా వైపు జరిపింది.

ఎత్తి తిరగేశాను. నల్లరంగు అక్షరాల మిగతా సగాలు దాని కింద ఉన్నాయి. సంచిలో ఉన్నదానికి పక్కన పెడితే అతుకుతాయి. నేను పెట్టి చూడలేదు. పీటను మళ్ళీ ఉన్నచోటే వేసి, పెద్దమ్మ రెక్క పట్టుకుని లేపి దాని మీద కూర్చోబెట్టాను. కొంచెం దురుసుగానే లేపాను. తర్వాత అత్త కూర్చునే చోటు ఎక్కడని అడిగాను. స్తంభం పక్కన చూపించింది. అక్కడ నేల నున్నగా ఉంది. కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే స్తంభం అడ్డమై టీవీ సగమే కనిపిస్తుంది. పీట మీద మనిషి ముఖం మాత్రం బాగా కనిపిస్తుంది, టీవీ వెలుగు పడుతూ.

నా కోపం అప్పుడు కూడా తగ్గలేదు. ఇంత మంచి చోటు ఉందని తెలిసీ నన్ను ఒక్కసారి పిలవలేదు గదా అని మళ్ళీ మొదటికొచ్చింది. ఈ రాసే వేళకూ అది అట్లాగే ఉంది. గుమ్మంలో నిలబడిన నా కూతురు, "అమ్మా, ఇది చూడొచ్చా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

టీవీలో ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే కుడిచెయ్యి కిందికి చాపి, అలవాటుగా తడుముకుంది. ఆ చెయ్యి వెతుకుతున్నది నన్ను కాదు. కాసేపు దాన్ని అట్లాగే చూశాను. తర్వాత నా చెయ్యి ఇచ్చాను. గట్టిగా పట్టుకుంది, పాలవాసన వేస్తోంది. నా కూతురు లోపలికి వచ్చి గోడ పక్కన కూర్చుంది. టీవీని చూడటం లేదు, మా ఇద్దరినే చూస్తోంది.